తప్పు దానిది కాదు, మీది

మా వదిన దృష్టిలో లోకంలో పాడైపోయిన లాప్‌టాప్ ఒక్కటి కూడా లేదు. పాడైపోయిన మనుషులే ఉన్నారు. ఎవరు ఏ లాప్‌టాప్ సంకన పెట్టుకుని గుమ్మం ఎక్కినా, వాళ్ళు నోరు తెరవకముందే "తప్పు దానిది కాదు, మీది" అనేసేది. విచారణ ఆ తర్వాత. తీర్పు ముందు చెప్పేసి విచారణ తర్వాత చేసే న్యాయస్థానం నాకు తెలిసి అదొక్కటే.

వదిన అంటే మా ఆయనకి అక్క. సన్నగా, పొడుగ్గా, నిచ్చెనకి చీర కట్టినట్టు ఉండేది. కళ్ళద్దాలు ముక్కు కొసన పెట్టుకుని, ఎదుటి మనిషిని అద్దాల పైనుంచి చూసేది. అద్దాల్లోంచి చూసే గౌరవం యంత్రాలకే దక్కేది. ఇరవై అయిదేళ్ళు టీవీలు బాగుచేసింది. టీవీలు పలచబడి గోడలకి అతుక్కుపోయాక, "ఇవి బాగుచేసే వస్తువులు కావు, పారేసే వస్తువులు" అని ఈసడించి లాప్‌టాప్‌ల మీద పడింది. అందులోనూ మామూలువి ముట్టుకునేది కాదు. ఆటలాడే లాప్‌టాప్‌లు మాత్రమే. ఆట మంచి పట్టులో ఉండగా బొమ్మ నత్తి పట్టడం, తెర నల్లబడడం, మొత్తం యంత్రం ఠక్కున ఆగిపోవడం, ఇలా బొమ్మలు గీసిపెట్టే గ్రాఫిక్స్ కార్డుకి వచ్చే రోగాలన్నిటికీ ఊరంతటికీ ఆవిడే దిక్కు. దిక్కు అన్నానని దేవత అనుకునేరు. దిక్కులేక దిక్కు.

మేం అద్దెకి తీసుకున్న హాలు అంతకు ముందు ఒక పళ్ల డాక్టరుది. ఆయన ఖాళీ చేసేటప్పుడు పళ్ళు పీకినంత సులువుగా కుర్చీని పీకలేకపోయాడు. బోల్టులు నేలలో దిగిపోయాయి. కుర్చీ మాకు వదిలేసి పోయాడు. బయటి బోర్డు మీద ఆయన పేరు గీకేశాం గాని, కింద "నొప్పి లేకుండా" అన్న రెండు మాటలు ఎంత గీకినా పోలేదు. ఆ హాలు మొత్తం మీద అబద్ధం అదొక్కటే. మధ్యలో తెర కట్టి, ముందు సగం వదిన తీసుకుంది. వెనక సగంలో నా కుట్టుమిషను. తెర గుడ్డదే కాబట్టి, ముందు సగంలో పడే తిట్లు వెనక సగంలో కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకి ఉచితంగా వినపడేవి. కొంతమంది బట్టలు సిద్ధమయ్యాయని చెప్పినా ఇంకో పావుగంట కూర్చుని వెళ్ళేవారు.

వదిన పద్ధతి ఒకటే. తెచ్చినవాణ్ణి పళ్ల కుర్చీలో కూర్చోబెట్టి, పైన దీపం వేసి, పట్టకార్లు పెట్టుకునే పళ్ళెం మీద లాప్‌టాప్ పెట్టి, "ముందు ఆడి చూపించండి" అనేది.

"ఆడడం ఎందుకండీ, తెరిచి చూస్తే తెలియదా?"

"తెరిస్తే ఏం తెలుస్తుంది? చుట్టాలు వచ్చినప్పుడు పిల్లల్లా బుద్ధిగా ఉంటుంది. కార్డు గుణం కార్డు మీద భారం పడితేనే బయటపడుతుంది. మీ గుణమూ అంతే. ఆడండి."

వాళ్ళు ఆడేవారు. వెనక ఆవిడ చేతులు కట్టుకుని నిలబడేది. ఎంతటి వీరుడికైనా ఆ దీపం కింద, ఆ కుర్చీలో, వెనక ఆవిడ ఊపిరి వినపడుతుంటే చేతులు చెమటలు పట్టేవి. యుద్ధంలో వందమందిని చంపే మొనగాళ్ళు ఆ కుర్చీలో మొదటి నిమిషంలోనే చచ్చిపోయేవారు.

ఒకసారి కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు వచ్చాడు. ఆట పావుగంట బాగానే నడుస్తుందట, ఆ తర్వాత ఎడ్లబండి అయిపోతుందట. కంపెనీని తిట్టిపోశాడు. వదిన యంత్రం వెనక చెయ్యి పెట్టి చూసింది.

"ఎక్కడ కూర్చుని ఆడతారు?"

"మంచం మీదండి."

"ఇదెక్కడ ఉంటుంది?"

"దిండు మీదండి. నాకు మెడనొప్పి."

"గాలి పీల్చుకునే కన్నాలు అడుగునే ఉన్నాయి. మీ ముక్కు మీద దిండు పెట్టి నొక్కి, ఇప్పుడు పరిగెత్తండి అంటే పరిగెడతారా? తొంభై ఏడు డిగ్రీలు వేడెక్కింది పాపం. కాలిపోకూడదని తనే నడక తగ్గించుకుంది. మీకు లేని తెలివి దానికుంది."

అని అడుగు మూత విప్పింది. ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము కంబళిలా పరుచుకుని ఉంది. ఆవిడ దాన్ని పట్టకారుతో పట్టి మెల్లగా పైకి తీసి, తెర వైపు తిరిగి కేకేసింది.

"మరదలా! గలీబు ఒకటి ఉందా? మాస్టారికి ఇంకో దిండు తయారైంది."

తెర ఇవతల నా దగ్గర కొలతలిస్తున్నావిడ టేపుతో సహా కింద కూర్చుండిపోయింది నవ్వలేక.

కార్డు మీద రాసే చల్లదనపు పేస్టు కూడా ఎండి పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. దాన్ని తుడిచి, కొత్తది బొట్టంత వేసి, మూత బిగించి ఇచ్చింది. ఆట పరుగు అందుకుంది. లెక్చరరు దణ్ణం పెట్టాడు. "దణ్ణం నాక్కాదు, దానికి పెట్టండి" అంది వదిన. ఆయన నిజంగానే లాప్‌టాప్‌కి దణ్ణం పెట్టి వెళ్ళాడు. తిట్లు తిన్నవాళ్ళే ఇంకొకరిని పంపేవారు. తాము తిన్నది పక్కవాడు కూడా తినకపోతే ఎలాగన్న ఆశ మనుషుల్లో ఎంత బలంగా ఉంటుందో నేను ఆ హాల్లోనే తెలుసుకున్నాను.

వకీలుగారిది ఇంకో కథ. ఆయన కుర్చీలో కూర్చోను అన్నాడు.

"మేడం, ఇది కొన్న రోజు నుంచీ ఇంతే. కార్డులోనే లోపం. నేను ఊరుకునే మనిషిని కాదు."

"మేడం ఏంటి, నేనేమన్నా బడి నడుపుతున్నానా? కూర్చోండి. ముందు ఆడి చూపించండి."

ఆడాడు. గుర్రం మీద వీరుడు ఒక అడుగు వేసి, ఆలోచించి, ఇంకో అడుగు వేస్తున్నాడు. వదిన రెండే రెండు చోట్ల నొక్కి చూసి పకాలున నవ్వింది. ఆవిడ నవ్విందంటే తిట్టడం కన్నా ప్రమాదం.

"లోపల ఇద్దరున్నారు వకీలుగారూ. ఒకడు చిన్నాచితకా పనులు చేసే ముసలాయన. ఇంకొకడు పహిల్వాను, అదే మీరు మోజుపడి కొన్న గ్రాఫిక్స్ కార్డు. మీరు పహిల్వాన్ని ముసుగుతన్ని పడుకోబెట్టి, ముసలాయన చేత బస్తాలు మోయిస్తున్నారు."

"ఆటని ఎవరికి అప్పగించాలో దానికే తెలియాలి కదా?"

"కొన్నిసార్లు మనం చెప్పాలి. ఏ కేసు ఏ కోర్టులో ఉందో మీరు చెప్పకుండా మీ గుమాస్తాకి తెలుస్తుందా? పైగా చార్జరు ఏది?"

"ఇంట్లో ఉంది. బ్యాటరీ నిండుగానే ఉంది."

"కరెంటు తీగ తగిలించకపోతే పహిల్వాను సగం బలమే పెడతాడు. కూడు పెట్టకుండా కుస్తీ పట్టమంటారా?"

"దీని మీద నేను కేసు వేద్దామనుకున్నాను" అన్నాడు వకీలు, గొంతు బాగా తగ్గించి.

"వెయ్యండి. ముద్దాయీ మీరే, వకీలూ మీరే. ఖర్చు కలిసొస్తుంది."

సొంతవాళ్ళని వదిలేది అనుకుంటున్నారేమో. మా ఆయనకి సాయంత్రం పూట ఫుట్‌బాల్ ఆట ఆడే పిచ్చి ఉంది. ఆ ఆట ముక్కలు ముక్కలుగా రావడం మొదలుపెట్టింది. అక్క చేతిలో పడడం ఇష్టం లేక, సంచిలో కూరగాయల కింద లాప్‌టాప్ దాచి, ఊరి చివర ఇంకో షాపుకి పట్టుకెళ్ళాడు. ఆ షాపువాడు చూసి, "ఇది మా వల్ల కాదండీ, పళ్ల కుర్చీ ఉన్న షాపుకి వెళ్ళండి" అని దారి గుర్తులతో చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని మా ఆయన సొంత అక్క ముందు నిలబడ్డ దృశ్యం చూడడానికి నేను కుట్టుపని మానేసి వచ్చాను.

"కూర్చో. ఆడి చూపించు."

చూపించాడు. ఆవిడ ఆట అమరికలు తెరిచింది. అన్నీ ఆఖరి మెట్టు మీద ఉన్నాయి. వెలుగు, నీడ, మైదానంలో గడ్డి, అన్నీ.

"ఒక్కో గడ్డిపోచకీ విడివిడిగా నీడ కావాల్సొచ్చిందిరా నీకు? ఎందుకూ, మేస్తావా?"

"బాగుంటుందని..."

"పాత కార్డు నెత్తిన ఇంత భారం పెడితే ఏం చేస్తుంది? చిన్నప్పుడూ ఇంతే మరదలా. చొక్కా ఒకటి చాలదని మూడు తొడుక్కుని బయల్దేరి, దారిలో స్పృహ తప్పి పడ్డాడు మీ ఆయన. అడిగావా ఎప్పుడన్నా?"

అడగలేదు. ఆ రోజు అడిగాను. ఇప్పటికీ అవసరమైనప్పుడల్లా అడుగుతుంటాను.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. ఆయన వచ్చే వేళకి మందుల షాపాయన కుర్చీలో ఉన్నాడు. ఈయనకి ఏది కొత్తగా వచ్చినా వేసెయ్యాలి. కార్డుకీ యంత్రానికీ మధ్య మాటలు చేరవేసే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవరు అంటారు. కొత్త డ్రైవరు వచ్చిందని తెలియగానే వేసేశాడు. అప్పట్నుంచీ ఆట మొదలెట్టగానే తెర నల్లబడి పోతోంది. వదిన అందుకుంది.

"పాత డ్రైవరుకి ఏం రోగమొచ్చిందయ్యా? ఏళ్ళ తరబడి ఒక్క మాట పడకుండా నడిపాడు. కొత్తవాడు కనపడగానే పాతవాణ్ణి గెంటేస్తావా? అనుభవానికి విలువ లేదా? వెంటనే పాత డ్రైవర్ని వెనక్కి పిలిపించు!"

గుమ్మంలోంచి ఒక బొంగురు గొంతు వినపడింది.

"అమ్మా, అదే మాట ఒక్కసారి మా డిపోకి వచ్చి చెబుతారా?"

చూస్తే యాభై అయిదు దాటిన ఒక భారీ మనిషి. చంకలో ఆట కోసం అమ్మే ప్లాస్టిక్ స్టీరింగు. పక్కన మోచెయ్యి పట్టుకుని ఒక అమ్మాయి. ఆవిడ రెండో చేతిలో లాప్‌టాప్. ఆయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన డ్రైవరట. ఆర్నెల్ల కిందట ఒక పొద్దున్న ఎడమ పక్క పడిపోయిందట. వైద్యం జరిగి లేచాడు, నడుస్తున్నాడు. రెండు నెలల్లో డిపో డాక్టర్లు పరీక్ష చేసి, మళ్ళీ స్టీరింగు ఇవ్వాలో ఇంటికి పంపాలో తేలుస్తారు. ఈలోపు చెయ్యి ఆడుతుందని బస్సు నడిపే ఆట ఒకటి పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఆయన కూతురు. పసిపిల్లల బడిలో టీచరు. గొంతు వింటే మనకే నిద్రొస్తుంది.

"అయ్యో, మెల్లగా నాన్నా... మెట్టుంది... ఆఁ, అంతే... భలే ఎక్కారే!" అంది కూతురు.

ఆయన మొహం మాడ్చుకున్నాడు. కుర్చీలో కూర్చుని సంగతి చెప్పాడు.

"కార్డు పోయినట్టుందమ్మా. కుడి మలుపు బ్రహ్మాండంగా తిరుగుతుంది. ఎడమ మలుపు దగ్గరే బొమ్మ ఒక్క క్షణం ఆగి తిరుగుతోంది. ఆ క్షణంలో బస్సు పక్కకెళ్ళిపోతోంది."

"ముందు ఆడి చూపించండి" అంది వదిన.

తెర సందులోంచి నేనూ చూస్తున్నాను. ఆవిడతో ఇన్నేళ్ళు ఉండి నాకూ కాస్త పట్టుబడింది. కార్డు సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పే అంకె ఒకటి తెర మూల పెడుతుంది ఆవిడ. కార్డుకి రోగముంటే ఆ అంకె పడిపోతుంది. బస్సు బయల్దేరింది. అరవై. కుడి మలుపు. అరవై. ఎడమ మలుపు వచ్చింది. అప్పుడూ అరవయ్యే. బస్సు మాత్రం రోడ్డు దిగి దీపస్తంభాన్ని గుద్దుకుంది. ఆగింది బొమ్మ కాదు. స్టీరింగు మీద ఎడమ చెయ్యి.

ఇప్పుడు ఈవిడ మొదలుపెడుతుంది, ఆ పెద్దమనిషి మొహాన్నే అనేస్తుంది అనుకున్నాను. వదిన తెర మీది అంకె చూసింది. ఆయన చేతుల వంక చూసింది. అద్దాలు ముక్కు కొస నుంచి పైకి తోసుకుని, అద్దాల్లోంచి చూసింది.

"తప్పు కార్డుదే" అంది.

సూది నా వేల్లో దిగింది. కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఆ నోట ఆ మాట నేను వినలేదు.

"చిక్కు రోగం. ఒక పూటలో దొరకదు. రోజూ పదింటికి వచ్చి ఓ గంట ఆడాలి. మీరు ఆడుతుంటే నేను కాపుకాసి పట్టుకోవాలి" అని, ఊపిరి పీల్చుకుని, "కార్డు సంగతి నేను చూసుకుంటా. ముప్ఫై ఏళ్ళు నడిపారంటున్నారు, ఏం నడిపారు? ఆ స్తంభం మీకేం బాకీ పడింది? హారనన్నా కొట్టకుండా మీద పడతారా?" అంది.

కూతురు చప్పున తండ్రి భుజం పట్టుకుంది. ఆయన మాత్రం కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు.

అలా మొదలైంది. రోజూ పదింటికి ఆయన, ఆయన వెనక కూతురు, ఆవిడ వెనక ఒక మంచినీళ్ళ సీసా. గంటసేపు నా కుట్టుమిషను చప్పుడు కూడా వినపడేది కాదు.

"డ్రైవరుగారూ, ఆ బస్సులో ఉన్నది జనమా, బంగాళాదుంపలా? అలా కుదిపేస్తున్నారు!"

"గతుకుల రోడ్డమ్మా అది."

"గతుకు రోడ్డు మీద లేదు, మీ నడకలో ఉంది. ఆ ముసలావిడ ఒక కాలు కింద పెట్టిందో లేదో కదిలించేశారు. రెండో కాలు మీ ఇంటికి తెచ్చుకుంటుందా?"

"బొమ్మ ముసలావిడే కదండీ" అని కూతురు మధ్యలోకి వచ్చేది.

"బొమ్మయినా ముసలావిడ ముసలావిడే. మీరు నడపండి."

మొదటివారం ఖాళీ రోడ్డు. రెండోవారం రోడ్డు నిండా బళ్ళు పెట్టింది. మూడోవారం వాన కురిపించింది. స్టీరింగు అమరికలు మార్చి, ఎడమ పక్కకి రోజుకి కాస్త ఎక్కువ తిప్పితేగాని బస్సు తిరగకుండా చేసింది. ఆయన చెమటలు కక్కుతూ తిప్పేవాడు. ఒకరోజు మలుపులో చెయ్యి మళ్ళీ ఆగిపోయింది. బస్సు కాస్తా పళ్ళ దుకాణంలోకి దూరింది.

"ఆ ఎడమ చెయ్యి దేనికి పెట్టుకున్నారు డ్రైవరుగారూ, గడియారం కట్టుకోవడానికా?"

కూతురు లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు.

"అండీ, మా నాన్నగారు ఒంట్లో బాగోలేని మనిషండి. మీకు తెలుసో లేదో. కొంచెం మెల్లగా మాట్లాడితే మీ సొమ్మేం పోతుందండీ?"

"మెల్లగా మాట్లాడితే బస్సు ఆగదమ్మా" అంది వదిన.

ఆ అమ్మాయి స్టీరింగు, లాప్‌టాప్, సీసా, తండ్రి, అన్నీ పట్టుకుని వెళ్ళిపోయింది. రేపట్నుంచి మేం రాం అంది. ఆ మాట కూడా జోలపాటలాగే అంది గాని, తలుపు మాత్రం గట్టిగానే వేసింది.

నేను తెర పక్కకి తోసుకుని వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆవిడ మీద గొంతు లేపింది ఆ రోజే.

"వదినా, నేనూ చూశాను. అరవై అరవయ్యే. కార్డుకి రోగం రొష్టూ లేదు. ఆయన చెయ్యి బాగోలేదు. అబద్ధం చెప్పి రోజూ రప్పించుకోవడం ఒకటి, పైగా ఆ చేతినే పట్టుకుని మాటలనడం ఒకటి! గుండె ఉందా మీకు, అక్కడ కూడా ఫ్యానే బిగించుకున్నారా?"

"ఫ్యానే. దుమ్ము పట్టకుండా ఉంటుంది. నీ పని చూసుకో" అంది.

మర్నాడు పది దాటి అయిదు నిమిషాలైంది. ఎవరో మెట్లు ఎక్కుతున్న చప్పుడు. ఒక మెట్టు, ఆగి ఇంకో మెట్టు. డ్రైవరుగారు ఒక్కడే వచ్చాడు. కుడి చంకలో లాప్‌టాప్. ఎడమ చంకలో స్టీరింగు. ఎడమ చంకలో!

"అయిదు నిమిషాలు ఆలస్యం. మీ బస్సు కోసం ఎదురుచూసే జనం ఏమైపోవాలి?" అంది వదిన, తలెత్తకుండా.

"దారిలో ట్రాఫిక్కమ్మా" అన్నాడాయన, ఆయాసపడుతూ, ఆనందపడుతూ.

నాకు మనసు ఆగలేదు. ఆ వారంలోనే ఒకరోజు వదిన ఫ్యాను కొనడానికి బజారుకెళ్ళి రావడం ఆలస్యమైంది. డ్రైవరుగారు కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. మంచినీళ్ళిచ్చి అన్నాను.

"అన్నయ్యగారూ, మా వదిన మాటలు పట్టించుకోకండి. నోరు అలాంటిది. అసలు మీకో సంగతి చెప్పాలి, ఆ కార్డు..."

"కార్డుకేమీ లేదు" అన్నాడాయన.

మీకెలా తెలుసని అడిగాను.

"ముప్ఫై ఏళ్ళు నడిపానమ్మా. బ్రేకు పట్టకపోవడానికీ, కాలు సరిగ్గా పడకపోవడానికీ తేడా తెలీకుండానే నడిపానా? ఇంట్లో చెప్పుకోలేక కార్డు మీదికి తోశాను. ఆవిడ చూడగానే కనిపెట్టేసిందని ఆ రోజే తెలిసింది."

"మరి రోజూ ఎందుకు వస్తున్నారు? ఈ మాటలు పడడానికా?"

"అందుకే" అని నవ్వాడు. "ఆర్నెల్లుగా మా ఇంట్లో అందరూ నాతో గుసగుసగా మాట్లాడుతున్నారమ్మా. నేను గ్లాసు ఎత్తితే మా అమ్మాయి చప్పట్లు కొడుతుంది. మా అల్లుడు నాతో చదరంగం ఆడి కావాలని ఓడిపోతాడు, అదీ సరిగ్గా ఓడిపోవడం రాదు. మా ఆవిడ సంగతి విను. ముప్ఫై ఏళ్ళు నన్ను తిట్టి పోసిన మనిషి. ఆసుపత్రి నుంచి రాగానే, 'ఏవండీ, కాస్త కాఫీ తాగుతారా' అని అడిగింది. ఆ మాట విన్నాక, ఇంక నా పని అయిపోయిందనే అనుకున్నాను."

కాసేపు నీళ్ళ గ్లాసు వంక చూశాడు. ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఇక్కడ గుద్దితే తిడతారు. గుద్దినందుకు తిట్టేది డ్రైవర్నే కదమ్మా, రోగిని కాదుగా. ఆవిడకి మాత్రం చెప్పకు. నాకు తెలుసని తెలిస్తే తిట్టడం మానేస్తారేమో."

చెప్పనని మాటిచ్చాను. వదిన వచ్చాక, ఆయన గంట ఆడి వెళ్ళేదాకా ఆగాను. నా నిగ్రహం అంతవరకే.

"వదినా, ఆయనకి తెలుసట."

"తెలియకపోతే డ్రైవరెలా అవుతాడు?"

"ఆయనకి తెలుసని మీకూ తెలుసా!"

"మొదటి రోజే. కార్డు పోయిందని నమ్మినవాడు, కొత్త కార్డు ఎప్పుడు వేస్తారని అడుగుతాడు. ఆయన, పదింటికే రానా, ముందే రానా అని అడిగాడు."

"మరి తెలిసి కూడా అన్ని మాటలా?"

వదిన చేతిలో పని ఆపింది. "జాలిపడితే ఆ చెయ్యి కదలడంలా. తిడితే కదులుతోంది. ఏది పనిచేస్తే అది వాడతాం. రిపేరంటే ఇంకేముంది?" అని లేచి వెళ్ళిపోయింది. బల్ల మీద ఆవిడ నోటు పుస్తకం తెరిచి ఉంది. చూడకూడదు గాని చూశాను. తేదీల పక్కన వరసగా రాసుకుంది. స్తంభాలు పదకొండు. స్తంభాలు తొమ్మిది. స్తంభాలు ఆరు, ఒక పళ్ళ దుకాణం. నిన్నటి తేదీ పక్కన, స్తంభాలు రెండు. దాని కింద గీత గీసి చిన్న అక్షరాలతో, "ఇవాళ తిట్టడానికి వెతుక్కోవాల్సొచ్చింది" అని ఉంది.

డిపో పరీక్ష ముందు రోజు ఆయన ఒక్క స్తంభమూ గుద్దకుండా, వానలో, బళ్ళ మధ్య గంట నడిపాడు. దిగి నిలబడి, "ఏమంటారమ్మా?" అన్నాడు. నేను తెర పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడన్నా ఒక మంచి మాట అంటుందని.

"ఆట బాగా ఆడారు. ఎడమ చెయ్యి ఇంకా రెప్పపాటు వెనకే ఉంది. జనం నిండిన బస్సు నేనైతే మీ చేతికివ్వను."

ఆయన చాలాసేపు స్టీరింగు వంక చూశాడు.

"నేనైనా ఇవ్వను" అన్నాడు. "ఇంట్లో ఎవరిని అడిగినా, భేషుగ్గా ఉందన్నారమ్మా. నిజం మీరొక్కరే చెప్పారు."

మర్నాడు డాక్టర్లు పరీక్ష మొదలుపెట్టకముందే, "జనం బస్సు నాకొద్దు, ఇంకేం పనుందో చెప్పండి" అని ఆయనే అడిగాడట. కొత్తగా చేరిన డ్రైవర్ల పక్కన కూర్చుని, డిపో ఆవరణలో మలుపులు నేర్పే పని ఇచ్చారు. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన రోజు ఆయన గొంతు బాగా బొంగురుపోయి ఉంది. రోజంతా అరుస్తున్నాడట. మొహం మాత్రం పదేళ్ళు తగ్గింది. వదిన లాప్‌టాప్ తుడిచి చేతికిచ్చి, "దీనికి రోగమేమీ లేదు, తీసుకెళ్ళండి" అంది. "తెలుసు" అన్నాడాయన. నేను తెర వెనక్కి తప్పుకుని, కత్తెర వెతుక్కుంటున్నట్టు నటించాను.

వారం తర్వాత కూతురు వచ్చింది. ఒక్కతే. చేతిలో లాప్‌టాప్ లేదు. వదిన అద్దాల పైనుంచి చూసింది.

"యంత్రమేది?"

"యంత్రం కాదండి." ఆ అమ్మాయి చీర కొంగు మెలిపెడుతూ నిలబడింది. "నాన్నగారు నాకు అంతా చెప్పారండి. ఆ రోజు మిమ్మల్ని ఏదో అనేశాను. ఇంట్లో కూడా మామూలుగా మాట్లాడకపోతే ఊరుకోనంటున్నారండి. అమ్మకి రెండ్రోజుల్లో అలవాటైపోయింది, నిన్న గరిటె కూడా విసిరింది. నాకే... తిట్టడం రావట్లేదండి."

వదిన కుర్చీ చూపించింది. "కూర్చో. తిట్టి చూపించు."

ఆ అమ్మాయి కూర్చుని గొంతు సవరించుకుంది. "నాన్నగారూ... తడి తువ్వాలు మంచం మీద ఎందుకు వేశారండీ, బంగారం?"

"బంగారం తీసెయ్."

"నాన్నగారూ, తడి తువ్వాలు మంచం మీద ఎందుకు వేశారండీ?"

"అండీ తీసెయ్. గారూ తీసెయ్. తువ్వాలు వేసింది మీ నాన్న, పొరుగూరి పెద్దమనిషి కాదు."

ఆరుసార్లు చెప్పించింది. ఆరోసారికి ఆ గొంతులో జోల పోయింది. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి ఫోను మోగింది. తండ్రి. ఆవిడ బెదురుగా వదిన వంక చూసింది. కానిమ్మన్నట్టు వదిన తలాడించింది.

"నాన్నా! ఎక్కడున్నావ్? మాత్ర వేసుకోకుండా పొద్దున్నే డిపోకి పరిగెత్తావా? కళ్ళు నెత్తికెక్కాయా నీకు? ఇంటికి రా చెప్తాను!"

అవతల ఆ బొంగురు గొంతులోంచి నవ్వు మొదలై, ఫోను దాటి, తెర దాటి, నా కుట్టుమిషను దాకా వచ్చింది.

"వేసుకుంటానే తల్లీ, అలా అరవకు, చెవులు పోతున్నాయి!" అన్నాడాయన, ఆ మాట అనే భాగ్యం ఇన్నాళ్ళకి దక్కినట్టు.